అయిదు బంగారుతీగలు

బకెట్టు తెచ్చి సరిగ్గా రుస్తియా కాళ్ళ దగ్గరే పెట్టింది తోగర్ తల్లి. పై అంతస్తులో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఇంత పడవలో ఈ బకెట్టుకు ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు అనుకుంది రుస్తియా. అనుకుందే గాని పైకి అనలేదు, అంటే ఊరుకునే నోరు కాదు తోగర్ తల్లిది. పైగా చేపల నీచు ఇవాళ తనను ఏమీ చేయలేదు, నిన్న సియంతార్ ఆసుపత్రిలో నాలుగు గంటలు నరంలోకి మందు ఎక్కించుకుని వచ్చిన ముక్కుకు చేపా ఒకటే, చేమంతీ ఒకటే. నోటి సంగతి సరేసరి, పాత మేకు చప్పరిస్తున్నట్టు వారం దాకా ఒకటే రుచి. ద్వీపానికి పోయే ఒంటిగంట పడవ ఒంటిగంటకు కదిలితే అది అజిబాత రేవే కాదు, కింద ఇంకా మోటారుసైకిళ్ళు ఎక్కిస్తున్నారు, గట్టు మీద మామిడిపళ్ళు అమ్మే ఆమె గొంతు చించుకుంటోంది, ఆ గుప్పెడంత మామిడిపళ్ళంటే తనకు ఒకప్పుడు ప్రాణం. ఒడిలో సంచీ, సంచీలో పాటల పుస్తకం, పుస్తకం మధ్యలో ఉత్తరం. పొద్దున సియంతార్‌లో బస్సు కోసం బల్ల మీద కూర్చుని రాసింది. సాయంత్రం నాలుగింటికి ఊళ్ళో గురువారం అమ్మల కూడిక, అది కాగానే పాస్టరు హోతాసి చేతిలో పెట్టెయ్యాలి, మాట్లాడాలని అతనికి కబురు కూడా పెట్టింది. నాలుగే వాక్యాలు. ముప్ఫై మూడేళ్ళుగా సంఘానికి బైబిలమ్మగా ఉన్న రుస్తియా అనే నేను జబ్బు కారణంగా ఇకమీదట సేవ చేయలేనని మనవి చేసుకుంటున్నాను. 'చేయలేను' అన్న ఒక్క మాటకు పట్టినంత సేపు మిగతా ఉత్తరమంతటికీ పట్టలేదు, బస్సు వచ్చి హారన్ కొడుతున్నా ఆ మాట దగ్గరే కలం ఆగిపోయింది.

ఇంజను మొదలైంది, కుర్చీ కాళ్ళలోంచి వణుకు పైకి పాకి నడుముకు చేరింది, నడుములో ఉన్నది దాన్ని పోల్చుకుని తనూ లేచింది. ఎముకల్లోకి వెళ్ళిందని చెప్పింది డాక్టరమ్మ, చిన్నపిల్ల, ఆ మాట చెప్పేటప్పుడు బల్ల మీద పెన్నును అటు తిప్పి ఇటు తిప్పి పెట్టింది. రొమ్ములో గడ్డగా మొదలైనప్పుడు కోసి తీసేశారు, మూడేళ్ళు మంచిగానే ఉంది, ఇప్పుడిలా. ఏం పని చేస్తారు మీరు అని అడిగింది ఆ పిల్ల. ఇళ్ళకు వెళ్ళి కూర్చుంటాను అంది తను, నిజమే కదా, జబ్బు మనుషుల దగ్గర, బాలింతల దగ్గర, చావు ఇళ్ళల్లో, కూర్చోవడమే కదా ముప్ఫై మూడేళ్ళూ చేసింది. కూర్చోవడమే పనైతే చెయ్యొచ్చండీ అంది డాక్టరమ్మ నవ్వి, బరువులు మాత్రం ఎత్తకండి. బరువులు ఎత్తకుండా ఎవరింట్లో కూర్చోగలం తల్లీ అనాలనిపించింది. అయినా ఉత్తరం రాసింది నడుము నొప్పికి కాదు. ఆ సంగతి ఉత్తరంలో లేదు, రాయలేదు, ప్రభువుకు మాత్రం తెలుసు, ఆ రోజు లుహుత్ తాత గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

ఆరు వారాల కిందట లుహుత్ తాత పోతున్నాడని కబురొస్తే వెళ్ళింది. తొంభై దాటినవాడు, కొడుకులూ కోడళ్ళూ చాప చుట్టూ కూర్చున్నారు, తాత చెయ్యి తన చేతిలో పెట్టుకుని ప్రార్థన మొదలెట్టింది. పరలోకంలో ఉన్న తండ్రిని పిలిచి చెప్పే ప్రార్థన, ఊళ్ళో పాలు మరవని పసివాళ్ళకు కూడా తనే నేర్పిన ప్రార్థన, నిద్రలో లేపి అడిగినా గడగడ చెప్పే ప్రార్థన. నీ రాజ్యం రావాలి అన్నంతవరకూ వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మర్చిపోయానన్న మాట కూడా సరిపోదు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టయింది. నోరు తెరుచుకునే ఉంది, కోడళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు తాత, మాట పడిపోయిందని అందరూ అనుకుంటున్న తాత, కళ్ళు మూసుకునే, నీ ఇష్టమే జరగాలి అని అందించాడు, పిల్లకు పాఠం అందించినట్టు, అందించి తన చెయ్యి నొక్కాడు. మందుల వల్ల అట్లా అవుతుందట, డాక్టరమ్మ చెప్పింది, మతిమరుపు వస్తుంది, పోతుంది. కాని పోయే మనిషి చేత మాట అందించుకున్న బైబిలమ్మ ఎందుకు సంఘానికి? సిగ్గుతో చచ్చిపోయింది ఆ పూట, తాత కంటే ముందే పోయింది ఒక రకంగా.

బకెట్టులో నీళ్ళు తుళ్ళి కాలి మీద పడ్డాయి, చల్లగా. పైన వల బిగించి కట్టి ఉంది, వల కింద మట్టి నీళ్ళలో వీపులు కదులుతున్నాయి. బంగారుతీగలు. ఒక్కొక్కటీ ముంజేయంత. ఇవి కూరకు తెచ్చిన చేపలు కావు, కూరకైతే ఇంత ఏరి ఒకే కొలత ఉన్నవి తేరు, ఇవి మనిషిని దీవించి పళ్ళెంలో పెట్టే చేపలు. ఎవరింట్లోనో ఎవరికో పెడుతున్నారన్నమాట. ఎవరింట్లో? ఊళ్ళో తనకు తెలియని పురుడు లేదు, పెళ్ళి లేదు, పెద్దజబ్బు నుంచి లేచినవాళ్ళెవరూ లేరు. తోగర్ తల్లి రెండు కుర్చీల అవతల చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని, అరిచేతిలో మిరియాల్లాంటి అందలిమాన్ గింజలు పోసుకుని పుల్లలు ఏరుతోంది. చేపలు అమ్ముకునే మనిషి, అజిబాత సంతకూ ఊరికీ మధ్య పడవలోనే సగం జీవితం గడిపిన మనిషి, ఎవరి పళ్ళెంలోకి ఏ చేప వెళ్ళాలో ఆమెకు తెలిసినంతగా సంఘపెద్దలకు కూడా తెలియదు.

తనకు తెలియకే కదా ఊళ్ళో అడుగు పెట్టిన మొదటి ఏడాదే అంత పనయింది. ఇరవై నాలుగేళ్ళు, సియంతార్‌లో అద్దె ఇంట్లో పెరిగిన పిల్ల, చేపంటే వేపుడు ముక్కే తెలుసు. గండం గడిచిన బాలింతకు పుట్టింటివాళ్ళు పళ్ళెం పెట్టాలని చేపలు తెస్తే, సాయం చేద్దామని, ఎవరూ అడక్కుండానే, మూడింటికీ పొలుసు తీసి, కడిగి, చక్కగా ముక్కలు కోసి పెట్టింది. ఆ ముసలమ్మల మొహాలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. పొలుసు కూడా తీయకుండా చేపను నిండుగా వండాలి, పక్కపక్కన పేర్చాలి, తలలన్నీ పుచ్చుకునే మనిషి వైపే తిరిగి ఉండాలి, కలిసి ఈదుకుంటూ వస్తున్నట్టు. కోస్తావా తల్లీ, ఆ ఇంటి పిల్లల్నే ముక్కలు చేశావు కదే అని ఒకామె నెత్తి కొట్టుకుంది. మళ్ళీ పడవ కట్టి అవతలి గట్టుకు వెళ్ళి చేపలు తెచ్చారు, పళ్ళెం పెట్టేసరికి పొద్దు గుంకింది. ఆ ముక్కలు వేయించుకుని తింటూ పడీపడీ నవ్వింది తోగర్ తల్లి, అప్పటికి తోగర్ నాలుగేళ్ళవాడు, వదినా వదినా, ప్రభువు అయిదు వేలమందికి పంచినప్పుడు కూడా ఇంత సన్నంగా కోసి ఉండడు అంది. అప్పట్లో వదినా అనే పిలిచేది.

ఇప్పుడు అనదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బైబిలమ్మా అంటుంది, ఊళ్ళో అందరిలాగే. అందరికీ బిడ్డ పేరే పేరు, ఫలానా వాడి తల్లి, ఫలానా దాని నాయనమ్మ, బిడ్డ లేని తనకు పుస్తకమే పేరు. మేనబావను చేసుకుని ఉంటే తనకూ ఉండేది ఒక పేరు. మేనమామ ఎంత ఆశపడ్డాడో. పదకొండో ఏట తనకు టైఫాయిడ్ తగ్గినప్పుడు ఒక బంగారుతీగను పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు మామయ్య, తల మీద నాలుగు బియ్యపు గింజలు పెట్టి, ప్రాణమా గట్టిపడు, ఒంట్లోనే ఉండు, ఎక్కడికీ పోకు అన్నాడు. అంత పెద్ద మనిషి తన ప్రాణంతో బతిమాలుతున్నట్టు మాట్లాడితే నవ్వొచ్చింది అప్పుడు. పెళ్ళొద్దు, సేవకు పోతానంటే ఆయన నొచ్చుకున్నాడు, ఆయన కొడుకు ఇంకెవరినో చేసుకున్నాడు, ఆ గడప నుంచి మళ్ళీ చేప రాలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక చేప. చంకలో బిడ్డ ఉండి, ఇంకా బిడ్డలు కలగాల్సిన వాళ్ళకు మూడు. మనవలను ఎత్తుకుని, బాధ్యతలు తీర్చుకుని, ఇక కూర్చుని తినాల్సిన వాళ్ళకు అయిదు. పెళ్ళి కానిదానికి ఎన్ని? తలకు మించిన ప్రశ్న, ఎవరూ వేయలేదు, తనూ వేసుకోలేదు. వేసుకోలేదని చెప్పుకోవడమే గాని ఎన్ని పళ్ళేలు చూసింది, ఎన్నిసార్లు ప్రార్థన చేసి ఆ పళ్ళేలను దీవించింది, దీవిస్తూ ఒక్కోసారి కన్ను తెరిచి ఆ చేపల తలలు ఎవరి వైపు ఉన్నాయో చూసింది.

వంగి బకెట్టులోకి చూసింది. నడుము కలుక్కుమంది, అయినా చూసింది. ఒకటి, రెండు, దాని కింద ఇంకొకటి, ఆ మూల తోక కదిలింది నాలుగు. అయిదోది అడుగున ఉంది, కదలడం లేదు, కాసేపటికి మెల్లగా నోరు తెరిచి మూసింది. అయిదు. మనసులో ఎక్కడో ఏదో టక్కున అతుక్కుంది. పోయిన గురువారం తను గదిలోకి వెళ్ళగానే దోని నాయనమ్మ మాట ఆపేసింది. సంఘంలో అమ్మలందరికీ పెద్ద ఆమె, ఆమె పెనిమిటిదీ మామయ్యదీ ఒకటే ఇంటిపేరు, ఆ లెక్కన తనకు అత్త, పళ్ళెం పెట్టే హక్కు ఊళ్ళో ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. వచ్చే వారం సియంతార్ నుంచి ఏ పడవకు వస్తావే అమ్మాయ్ అని రెండుసార్లు అడిగింది. కూడిక ఆమె ఇంట్లోనే. అయితే ఇవి తనకే. అమ్మలందరూ మాట్లాడుకుని, పెళ్ళి లేనిదానికి, మనవలు లేనిదానికి, ఆచారాన్ని కాస్త పక్కకు జరిపి అయిదు చేపల పళ్ళెం పెట్టబోతున్నారు. ఎంత ప్రేమ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగానే తిరిగాయి, ఆ నీళ్ళు ఆరకముందే ఒళ్ళు భగ్గుమంది. ఎవరు వీళ్ళు నన్ను పంపెయ్యడానికి? అయిదు చేపలు తిన్న మనిషి ఇక ఎవరింటి బరువూ ఎత్తనక్కరలేదు, ఎవరూ ఏదీ అడగరు, పిలవరు, కూర్చోబెట్టి అన్నం పెడతారు. లుహుత్ తాత కోడళ్ళు చెప్పేసి ఉంటారు. పాపం బైబిలమ్మ, మాటలు పోయాయి, ఇక చాలు అనిపించాలి అని తలా ఒక మాట అనుకుని ఉంటారు.

అప్పుడు నవ్వొచ్చింది, మేకు రుచి నోటితోనే. సంచీలో ఉన్న ఉత్తరంలో తను రాసింది కూడా అదే కదా. తనంతట తను వెళ్ళిపోతానంటే వినయం, వాళ్ళు పంపిస్తామంటే కోపమా? రుస్తియా, నీ రోగం ఎముకల్లో లేదే అనుకుంది. కాని కోపం తగ్గలేదు, పడవ నీళ్ళను కోసుకుంటూ పోతున్న చోట తెల్లటి నురగ లేస్తోంది, దాన్నే చూస్తూ కూర్చుంది. ఈ మూడేళ్ళలో తన దగ్గరకు ఎంతమంది వచ్చి ఎన్ని మాటలు చెప్పారు. విశ్వాసం ఉంచు, తగ్గిపోతుంది. ప్రభువు ప్రేమించినవాళ్ళనే పరీక్షిస్తాడు. అన్నీ తను ఒకప్పుడు ఇంకొకళ్ళకు చెప్పినవే, తిరిగి తిరిగి తన గుమ్మంలోకే వచ్చాయి, పుండు మీద కారం చల్లినట్టు. ఆ మాటలు చెప్పడం ఎప్పుడో మానేసింది. పోయిన నెల మడిలో కాలు విరిగిన రొందాంగ్ ఇంట్లో గంటసేపు కూర్చుని అతనితో ఉల్లిపాయల ధర మాట్లాడి, లేచేముందు అతని పాదం మీద చెయ్యి వేసింది, అంతే. బైబిలమ్మ ప్రార్థన చేయలేదేమిటని అతని అత్తగారు నొచ్చుకుందట. రొందాంగ్ మాత్రం మర్నాడు కబురు పెట్టాడు, మళ్ళీ ఎప్పుడొస్తారని. ఏది సేవో ఇప్పుడిప్పుడే కాస్త అర్థమవుతోంది, సరిగ్గా ఇప్పుడే ఇక చాలంటున్నారు.

తోగర్ తల్లి దగ్గరికి మాత్రం ఆ మాటలన్నీ మోసుకుని వెళ్ళింది, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో. తోగర్‌కు తొమ్మిదేళ్ళు, రెండు రోజుల జ్వరం, మూడో రోజు సరస్సు మీద గాలివాన. పడవలు కదలలేదు. పిల్లాడిని దుప్పట్లో చుట్టుకుని రేవులో కూర్చున్నారు తల్లీ తండ్రీ, గాలి తగ్గడం కోసం. తగ్గేసరికి వాడు లేడు. తను గొడుగు వేసుకుని పరుగెత్తుకుంటూ వెళ్ళింది, వెళ్ళి, ఆ తల్లి ఒళ్ళో పిల్లాడు ఇంకా వెచ్చగా ఉండగానే, ఇచ్చినవాడే తీసుకున్నాడు వదినా, ఆయన ఇష్టం అంది. శిక్షణలో నేర్పిన మాట, సమయానికి గుర్తొచ్చిందని లోపల కాస్త గర్వపడింది కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఆమె తలెత్తి చూసింది.  మూడేళ్ళు గుడికి రాలేదు. ప్రతి గురువారం తను వెళ్ళేది, తలుపు తీసేది కాదు, పెరట్లో అంట్లు పడి ఉండేవి, అవి తోమి బోర్లించి వచ్చేసేది. మూడేళ్ళు అంట్లు తోమింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె వచ్చి వెనక వరసలో కూర్చుంది. అప్పటి నుంచి వస్తూనే ఉంది, అందరితో పాటు నిలబడి పాడుతుంది, ప్రార్థన చెబుతుంది, ఒక్క మాట దగ్గర మాత్రం పెదాలు బిగిస్తుంది. నీ ఇష్టమే జరగాలి అన్న చోట. ముందు నిలబడి ప్రార్థన చెప్పించే తనకు అది కనపడుతుంది, ప్రతి ఆదివారం కనపడుతుంది, ఇరవై అయిదేళ్ళుగా ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

"ఇవి ఎవరింటికి వదినా?" అంది రుస్తియా ఉన్నట్టుండి.

"తినేవాళ్ళింటికి."

"అయిదున్నాయి."

"నీకు లెక్కలొచ్చని తెలుసులే, బైబిలమ్మా. చదువుకున్నదానివి."

"అత్త తెమ్మందా?"

తోగర్ తల్లి అందలిమాన్ గింజలు ఏరడం ఆపలేదు. "నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఆడిపోసుకుంటారు. చూడు, పొద్దుట్నుంచీ నానబెట్టుకుని కూర్చున్నా. నువ్వేమో కెలుకుతున్నావు."

"అయిదు చేపల పళ్ళెం పట్టుకున్నాక ఇక గురువారాలు ఉండవుగా నాకు."

"ఉండవు. హాయిగా పడుకోవచ్చు. ఎండలో వానలో కొండెక్కి ఇళ్ళమ్మట తిరగడం తప్పుతుంది. నడుమొకటి నీకు, అదీ అరువు తెచ్చుకున్నట్టుంది."

 తోగర్ తల్లి గింజల్ని కొంగుకు ముడేసుకుని, ఒక్కటి మాత్రం వేళ్ళ మధ్య పట్టుకుని, లేచి వచ్చి పక్క కుర్చీలో కూలబడింది. "నోరు తెరువు" అంది, తెరిచేలోపే గింజ నాలుక మీద పెట్టింది. కొరికితే మొదట ఏమీ లేదు, తర్వాత చీమలు పాకినట్టు నాలుక చివర జివ్వుమంది, జివ్వుమని నోరంతా తిమ్మిరెక్కింది, మేకు ఎటుపోయిందో పోయింది. నిన్నటి నుంచి మొదటిసారి నోరు తనదనిపించింది. ఆ తిమ్మిరిలోనే మాట జారింది, ఎవరితోనూ అనకూడదనుకున్న మాట.

"లుహుత్ తాత దగ్గర ప్రార్థన మర్చిపోయాను వదినా."

"విన్నాలే. ఎక్కడ మర్చిపోయావు?"

"నీ ఇష్టమే జరగాలి అనే చోట."

తోగర్ తల్లి సరస్సు వైపు చూసింది. నీళ్ళ మీద ఎండ పడి కళ్ళలో కొడుతోంది, ద్వీపం దగ్గరపడింది, కొండ కింద రేవు, గుడి గోపురం, మునకలేస్తున్న పిల్లలు కనపడుతున్నారు.

"అక్కడ మర్చిపోవడం ఓ వింతా?" అంది చివరికి. "నాకు ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ గుర్తు రావడం లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరి మధ్యా బకెట్టులో చేప ఒకటి తోక కొట్టింది, నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి. అంటే తను మర్చిపోలేదా, మందులు మరిపించలేదా, ఈ మనిషి నోరు బిగించే చోటే తన నోరూ బిగుసుకుందా, తొంభై ఏళ్ళ తాతకు ఆ మాట తేలిగ్గా వచ్చింది, ఆయన అన్నీ చూసి వెళుతున్నాడు, తనకు ఇంకా వెళ్ళాలని లేదు. ప్రభువా, నాకు వెళ్ళాలని లేదు. ఇంత తేలికైన మాటను ఇన్ని నెలలు ఏ ప్రార్థనలోనూ ఎందుకు అనలేకపోయాను?

"అది సరే, నిజం చెప్పు" అంది తోగర్ తల్లి బకెట్టు కడ్డీ అందుకుంటూ. "పడుకోవాలని ఉందా, రావాలని ఉందా?"

"రావాలని ఉంది."

ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. తోగర్ తల్లి ఓదార్చలేదు, ఏదో బేరం కుదిరినట్టు తల ఊపింది. పడవ గట్టుకు తగిలీ తగలకముందే బకెట్టు ఎత్తుకుని దూకేసింది. అరవై దాటిన మనిషి కొండ దారిలో ఒక పక్కకు ఒరిగిపోతూ పరుగెత్తుతుంటే నీళ్ళు దారిపొడుగునా చిమ్ముతున్నాయి. అంత తొందరేమిటో రుస్తియాకు అర్థం కాలేదు. నెమ్మదిగా దిగి, గుడి పక్క తన గదికి వెళ్ళి, రెండు గంటలు పడుకుని పైకప్పు చూసింది.

నాలుగింటికి దోని నాయనమ్మ ఇంట్లో అమ్మలందరూ చాపల మీద ఉన్నారు, ఇరవై మంది పైనే, పాస్టరు హోతాసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పసుపు, అల్లం, అందలిమాన్ కలిసి ఉడికిన వాసన నిజంగానే ముక్కుకు తగిలింది. తనను మధ్యలో కూర్చోబెట్టారు, భుజాల మీద కొత్త నేత దుప్పటి కప్పారు, తను తలొంచుకుంది, ఎలా చెప్పాలి, పుచ్చుకోను అంటే ఆ ముసలి చేతులకు ఎంత అవమానం, పుచ్చుకుంటే ఇక గురువారాలు లేవు. పళ్ళెం వచ్చి ఎదుట చాప మీద ఆనింది. తల ఎత్తలేక ముందు తలలే చూసింది, పొలుసులతో నిండుగా, పసుపు పచ్చగా, నోళ్ళు తెరుచుకుని తన వైపే తిరిగి ఉన్నాయి. మూడు.

మళ్ళీ లెక్కపెట్టింది. మూడే.

"అయిదే అనుకున్నామే అమ్మాయ్" అంది దోని నాయనమ్మ, పళ్ళెం అంచు వదలకుండా, కోపమో నవ్వో తెలియని గొంతుతో. "ఇరవై మందిమి కూర్చుని ఒక మాట మీదికి రావడానికి మూడు గురువారాలు పట్టింది. ఇదిగో, ఈ మహాతల్లి రేవు నుంచి రొప్పుకుంటూ వచ్చి, నేను పొయ్యి రాజేసేలోపు కత్తిపీట ముందేసుకుని రెండింటిని పొలుసు తీసి ముక్కలు కోసి పారేసింది. పళ్ళెంలోకి పెట్టే చేపను. నా ఇంట్లో."

"మొదట కోసింది నేనా?" అంది తోగర్ తల్లి గుమ్మం దగ్గర నుంచి. "ముప్ఫై మూడేళ్ళ కిందట కోసినామెను అడగండి. ఆమెకు లేని తప్పు నాకెందుకు?"

గది గొల్లుమంది, పాస్టరు కూడా నవ్వాడు. దోని నాయనమ్మ నవ్వలేదు. నాలుగు బియ్యపు గింజలు తీసి రుస్తియా తల మీద, టోపీ మీద, టోపీ కింద జుట్టు లేని నెత్తికి తగిలేలా అదిమి పెట్టింది. ప్రాణమా గట్టిపడు, ఒంట్లోనే ఉండు, ఎక్కడికీ పోకు అంది. మామయ్య అన్న మాటలే, అదే వరస. "మూడు చేపలు ఎవరికి పెడతామో నీకు తెలుసు. ఉన్న బిడ్డల్ని సాక్కోవాలి, ఇంకా బిడ్డలు కలగాలి. మంచానికి తెచ్చిపెట్టే అన్నం కాదే ఇది. తిను, తిని పనిలోకి పద."

తిన్నది. మొదటి ముద్ద తల దగ్గరది, అందరూ చూస్తుండగా, నాలుక జివ్వుమంటుండగా. ముప్ఫై మూడేళ్ళు ఇతరుల పళ్ళేల దగ్గర కన్ను తెరిచి చూసిన మనిషి ఇవాళ కళ్ళు మూసుకుని తిన్నది. సంతోషమో దుఃఖమో విడదీసి చెప్పడం ఆమె వల్ల కాలేదు. జబ్బు ఎక్కడికీ పోలేదు, వచ్చే బుధవారం మళ్ళీ సూది, ఆ తర్వాత ఎన్ని బుధవారాలో డాక్టరమ్మకు కూడా తెలియదు. చేతులు కడుక్కున్నాక ప్రార్థన చెప్పమన్నారు. పాస్టరు ఉన్నా ఆమెనే చెప్పమన్నారు, అది కూడా ముందే మాట్లాడుకున్నట్టుంది.

పరలోకంలో ఉన్న తండ్రిని పిలిచింది. ఆయన పేరు గొప్పది అంది. ఆయన రాజ్యం రావాలి అంది. అక్కడ మెట్టు లేదు. తెలిసి కాలు వేసింది, అయినా లేదు. ఇరవై మంది ఊపిరి బిగబట్టారు, ఎవరూ అందించలేదు, లుహుత్ తాత కోడలు నోరు తెరవబోతే పక్కామె మోచేత్తో పొడిచింది. నిశ్శబ్దంలో వంటింట్లో రెండు చేపల ముక్కలు నూనెలో చిటపటమంటున్నాయి. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి బొంగురు గొంతు ఒకటి, ఆ మాటను ఎత్తుకోకుండా, దాని మీంచి దాటి, తర్వాతి మాట అందుకుంది. ఇవాళ్టికి మాకు కావలసిన అన్నం పెట్టు అంది తోగర్ తల్లి. రుస్తియా ఆ గొంతు పట్టుకుని అటువైపుకు దాటింది, అమ్మలందరూ వాళ్ళిద్దరి వెనకే దాటారు. పాస్టరు హోతాసి ఒక్క క్షణం తడబడి, చిన్నవాడు, పుస్తకం ప్రకారం పోయేవాడు, చివరికి అందరితో కలిశాడు. తప్పులు క్షమించమన్నారు, కీడు నుంచి తప్పించమన్నారు, ఆమెన్ అన్నారు.

"నాతో ఏదో మాట్లాడాలన్నారట?" అన్నాడు పాస్టరు, లేచి చెప్పులు వెతుక్కుంటూ. రుస్తియా పాటల పుస్తకం తెరిచింది. ఉత్తరం అక్కడే ఉంది, పసుపు వేళ్ళతో దాన్ని తీసి, వచ్చే వారం పాడే పాట ఉన్న పేజీలో పెట్టుకుని మూసింది.

"ఏం లేదయ్యా. వచ్చే గురువారం కూడిక ఎవరింట్లోనో అడుగుదామని."

అమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. వంతు ఎవరిదో గుర్తు చేసుకునేలోపే గుమ్మం దగ్గర నుంచి జవాబొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కూడిక జరగలేదు, అడగడం కూడా ఎప్పుడో మానేశారు.

"మా ఇంట్లో" అంది తోగర్ తల్లి, కత్తిపీట కడుక్కొచ్చిన తడి చేతులు తుడుచుకుంటూ. "చేపలు నేనే తెస్తా, వండుతా. గిన్నెలు మాత్రం నువ్వే తోమాలి, వదినా."